పెట్టె మీది పేరు

కిష్టవ్వ గడప మీద అడ్డంగా కూర్చొని ఆరు గంటలైంది.

వీపు ఒక ద్వారబంధానికి, అరికాళ్ళు రెండోదానికి ఆనించి కూర్చుంది. లోపలివాళ్ళు వాకిట్లోకి రావాలంటే ఆమెను దాటాలి. అత్త కాళ్ళు దాటే కోడలు చొప్పదండిలో ఇంకా పుట్టలేదని ఆమె ధైర్యం.

"దాటి పో. నేను వద్దంటున్ననా?" అంది.

లోపల నర్మద దండెం మీది చీరెలు తీసి మడతపెడుతోంది. "పొద్దటి సంది నీళ్ళు సుత తాగలే నువ్వు. లెవ్వు అత్తా."

"నీళ్ళ మాట తియ్యకు. నీళ్ళు అంటెనే నాకు గా సముద్రం యాదికొస్తంది."

మూడు గంటల బస్సుకు నర్మద కరీంనగర్ పోవాలి. అక్కణ్ణుంచి కాజీపేట, కాజీపేటలో మద్రాసు బండి, మద్రాసులో ఓడ. నాలుగు రోజులు సముద్రం మీద పోతే అండమాన్ దీవి. అక్కడ కర్రకోత మిల్లులో ఆమె భర్త. మద్రాసు దాకా తోడు వస్తానన్న ఆమె అన్న ఇంట్లో పిల్లలకు అమ్మవారు పోసింది. ఊరు దాటరాదని నిన్ననే కబురు పంపాడు.

ఈ ఓడ తప్పితే మిల్లువాళ్ళు ఇచ్చిన ఇల్లు ఇంకొకరికి పోతుంది. పెళ్ళాం బిడ్డలతో ఉండేవాళ్ళకే ఇల్లు అని జాబులో రెండుసార్లు రాశాడు అతను. సెలవు దొరకదు కనుక తాను రాలేనని మూడుసార్లు రాశాడు.

"ఒక్కదాన్నే పోత," అని నర్మద రాత్రి అన్నం ముందు చెప్పింది. తెల్లవారేసరికి అత్త గడప మీద ఉంది.

"మూడేండ్లాయె నన్ను ఈ ఇంటికి తెచ్చి," నర్మద చీరె అంచు సరిచేస్తూ అంది. "మూడు నెలలు చూసిన ఆయన మొఖం. నేను గిక్కడనే ఉండి మీకు గంజి పోసుకుంట ముసల్దాన్ని కావాల్నా?"

"ముసల్దానివై గిక్కడనే చావు. నా కండ్లముందు చావు. దాని లెక్క..."

కిష్టవ్వ చూపు అటక మీదికి పోయింది.

అదే సమయానికి అటక మీద టక్ మని చప్పుడైంది.

ముగ్గురూ కదలలేదు. లోపల నర్మద, గడప మీద కిష్టవ్వ, వాకిట్లో కిష్టవ్వ భర్త మొండయ్య. రోజూ ఈ వేళకు పెంకుల సందునుంచి ఎండ అటక మీది రేకుపెట్టె మీద పడుతుంది. రేకు వేడెక్కి ఒకసారి చిట్లినట్టు మోగుతుంది. అది ఎండవల్లనే అని ముగ్గురికీ తెలుసు. అయినా ఇన్నేళ్ళుగా ఆ చప్పుడు తర్వాత మొదటి మాట ఎవరు మాట్లాడాలో వాళ్ళకు తెలియదు.

అది బాలలక్ష్మి పెట్టె. ఆ ఇంటి మొదటి కోడలు ఆరేళ్ళ కింద ఇదే మాఘమాసంలో, ఇదే దారిలో, ఒక్కతే ఆ దీవికి పోయింది. మనిషి భర్తను చేరలేదు. ఎనిమిది నెలలకు పెట్టె మాత్రం తాళం వేసింది వేసినట్టే తిరిగివచ్చింది. తాళంచెవి ఆమె మెడలో ఉండేది. పెట్టెను ఎవరూ పగలగొట్టలేదు. కాని చచ్చిపోయిందని అనుకున్నారు. పితరుల పండుగ పెత్రమాస నాడు ఆమె పేరున అయ్యవారికి బియ్యం ఇచ్చారు. నర్మద మెడలో మూడుముళ్ళు పడ్డనాడు, చనిపోయిన పెద్దభార్య పేరు మీద ఒక వెండి బిళ్ళ కూడా ఆ మెడలో కట్టారు.

పెట్టె కూడా తెరిచి చూడకుండా ఆ మనిషికి పిండం ఎట్లా పెట్టామని మొండయ్య అప్పుడప్పుడు తనను తాను అడిగేవాడు. జవాబు రాకపోతే భజనకు పోయేవాడు.

ఇప్పుడు ఆయన వాకిట్లో గొంతుక్కూర్చొని కొత్త నల్లరేకు పెట్టె మీద తెల్లరంగుతో అక్షరాలు దిద్దుతున్నాడు. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుందని భజన మండలిలో పేరు. 'మొండయ్య, చొప్పదండి' అని రాసి, దండిలో సున్న సరిగా రాలేదని మళ్ళీ దిద్దాడు.

"రంగు ఆరేదాక ఎవలు ముట్టకుండ్రి," అన్నాడు, ఎవరూ ముట్టబోవడం లేకున్నా.

*

పక్కింటి ఎల్లక్క చేట చంకలో పెట్టుకొని వచ్చింది. గడప దగ్గర దారి లేకపోయేసరికి వాకిట్లోనే చతికిలబడింది.

"ఏందొదినా, గడపకు గొళ్ళెం లెక్క కూసున్నవ్?"

"నీ పని నువ్వు చూసుకో ఎల్లా."

"నా పనే చూస్తున్న. గీ పిల్లకు నాలుగు మాటలు చెప్పిపోదామని వచ్చిన." ఎల్లక్క లోపలికి తొంగిచూసి గొంతు పెంచింది. "నర్మదా, విను. ఎవడన్న చాయ ఇస్తె తాగకు. బిస్కూటు ఇస్తె తినకు. కొంగుకు మిరపపొడి మూటగట్టుకో."

"మిరపపొడి నా కండ్లల్లనే పడ్తది అత్తా, సముద్రం గాలికి."

"నవ్వు, నవ్వు. మా చెల్లె భీమండి పోతప్పుడు గట్లనే నవ్వింది, రైల్ల ముక్కుపుల్ల పోయింది. ఎవడన్న బాగ అడిగితె నీ మొగడు పోలీసోడని చెప్పు."

"పోలీసోడా? పేరేందని అడిగితె?"

ఎల్లక్క చేట దించి రెండు చెంపలూ వేసుకుంది. "పేరు చెప్తవా? మొగని పేరు నోటికొస్తె ఆయన ఆయుసు తరుగుతది. గంత సుత తెల్వదా నీకు?"

"తెలుసు తియ్యి," అంది నర్మద.

నిజంగానే తెలుసు. ఆమె భర్త పేరు హనుమండ్లు. పెళ్ళయిన నాటినుంచి ఆమె కొండగట్టు దేవుణ్ణి కూడా పేరుపెట్టి మొక్కలేదు. 'గుట్ట మీది స్వామీ' అని మొక్కేది. కిష్టవ్వ అయితే నలభై ఏళ్ళుగా భర్తను 'ఏందయ్యా' అనే పిలిచేది. కూరగాయలామె 'మొండి కత్తి' అంటే కూడా కిష్టవ్వ 'తెగని కత్తి' అని సరిదిద్దేది.

మొండయ్య చేతులు తుడుచుకొని జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "నేను సుత రాసిన. నర్మదా, ఇటు విను బిడ్డా."

రాతలో ఆయన భాష మారిపోతుంది. పురాణం చదివినట్టే చదివాడు.

"ఒకటి. ఆడవారి డబ్బాలోనే ఎక్కవలెను. రెండు. మద్రాసులో టేషను ఎదుటి సత్రములో, పిల్లలుగల కుటుంబము పక్కన పరుండవలెను. మూడు. ఓడలో ఒంటరిగా కడ్డీల దగ్గర నిలువరాదు. నాలుగు. తాళి రవిక లోపల వేసుకొనవలెను..."

"తొందరగ చదువయ్యా. బస్సు పోతది," అంది ఎల్లక్క.

"బస్సు పోతె పోనియ్యి," అంది కిష్టవ్వ.

మొండయ్య చివరిది రెండుసార్లు చదివాడు. "పదకొండు. ఓడ దిగిన చోట మనవాడు వచ్చేదాక పెట్టె మీదనే కూర్చుండవలెను. పెట్టె మీద పేరున్నది. పేరు చూసి మనవారు గుర్తుపట్టుదురు."

నర్మద కాగితం తీసుకుందామని గడప దాకా వచ్చింది. అత్త కాళ్ళ అవతల మామ చెయ్యి చాపాడు. కాగితం కిష్టవ్వ తలమీదినుంచి చేతులు మారింది. ఆమె తల ఎత్తి చూడలేదు.

"దానికి సుత రాసిచ్చినవ్ గిట్లనే," అంది నేలకేసి చూస్తూ. "తొమ్మిది రాసినవ్ దానికి. దీనికి పదకొండు."

*

ఎల్లక్క పోయిన కాసేపటికి దడి తలుపు దగ్గర ఒక సన్నటి మనిషి నిలబడ్డాడు. భుజాన బెత్తం సంచి. చలిజ్వరం తిన్న మొహం. కళ్ళు పచ్చగా ఉన్నాయి.

"హనుమండ్లు దాదా ఇల్లు గిదేనా?"

మొండయ్య లేచాడు. "నువ్వెవలు నాయనా?"

"నా పేరు అంబదాస్. జైనూర్ దిక్కు మాది. దీవిల దాదా, నేను ఒక్క అర్రలనే ఉంటుంటిమి నాలుగేండ్లు. జరం తగ్గుత లేదని పంపిచ్చిండ్రు. ఇంటికొచ్చి పది దినాలాయె."

కొడుకు పేరు వినగానే కిష్టవ్వ మొహం కాస్త వదులైంది. అయినా లేవలేదు. "నర్మదా, మంచినీళ్ళు తే," అంది. నర్మద చెంబు అందించింది. అది కూడా అత్త తలమీదినుంచే పోయింది.

అంబదాస్ సంచిలోంచి ఒక శంఖం తీసి అరుగు మీద పెట్టాడు. "దాదా ఇచ్చిండు. భజనల ఊదుకోమన్నడు బాపును."

మొండయ్య దాన్ని కళ్ళకద్దుకున్నాడు. "మంచిగున్నడా?"

"మంచిగున్నడు. కొత్తింటికి సున్నం ఏస్తుండు. బాయి వస్తదని..." అతను నర్మద వైపు చూసి తల దించాడు. "గీ ఓడకే వస్తదంట గదా. పోయే ముంగట ఒకసారి కలువాలని వచ్చిన."

"మంచిమాట చెప్పినవ్," మొండయ్య అన్నాడు. "జర మా ముసల్దానికి చెప్పు. ఆడమనిషి ఒక్కతె పోతె అక్కడ ఏం ఫికర్ లేదని చెప్పు. ఓడల ఆడోళ్ళుంటరా లేదా?"

"ఉంటరు. చానమంది ఉంటరు బాపూ. ఓడల ఏం కాదు."

"విన్నవా?" మొండయ్య భార్య వైపు తిరిగాడు.

"ఓడల ఏం కాదన్నడు," కిష్టవ్వ అంది. "ఓడ దిగినంక ఏమైతదో చెప్పలే."

అంబదాస్ చెంబు పెదవుల దగ్గరికి తెచ్చినవాడు ఆగాడు. అతని చూపు వాకిట్లో ఆరుతున్న పెట్టె మీద పడింది. అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివాడు. తర్వాత చెంబు కింద పెట్టాడు. నీళ్ళు తాగలేదు.

"మొదటి బాయి పెట్టె మీద సుత గిదే పేరా?"

మొండయ్య తన రాతను ఒకసారి చూసుకున్నాడు.

"గిదే," అన్నాడు మొండయ్య. "ఇంటిపెద్ద పేరే గదా రాస్తం. ఎందుకు?"

అంబదాస్ రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"అప్పుడు నేను రేవుల హమాలీ," అన్నాడు. "దాదా నాకింక తెల్వది. ఓడ ఒక దినం ముందుగాలనే వచ్చింది. దాదా అడవిల ఉన్నడంట, కర్ర కొట్టేకాడ. అందరు దిగుతుండ్రు. బల్ల కాడ ఒక గుమాస్తా పేర్లు రాస్తుండు. ఆడోళ్ళు ఒక్కతే వస్తె, ఎవలికాడికి వచ్చినవని అడుగుతరు. ఆ మనిషిని పిలిచి అప్పజెప్తరు. మంచికే పెట్టిండ్రు అది."

"ఆఁ," అంది కిష్టవ్వ.

"ఒక్క బాయి. పచ్చంచు చీరె. ఎవలికాడికి వచ్చినవంటె మాట్లాడదు. నీ మొగని పేరేందని హిందీల అడిగిండు. మాట్లాడదు. మల్ల అడిగిండు. మాట రాదని నన్ను పిలిచిండ్రు, వీడు తెలంగాణోడు అని. నేను తెలుగుల అడిగిన. బాయీ, నీ మొగని పేరు చెప్పు అంటి. తల గటు తిప్పుకున్నది. చుట్టు ఉన్నోళ్ళు నవ్విండ్రు. నేను సుత నవ్విన."

కిష్టవ్వ కాళ్ళు గడప మీద కొంచెం జరిగాయి.

"ఆఖరికి ఏలుతోని పెట్టె చూపెట్టింది. పెట్టెలన్నీ ఒక దిక్కు పేర్చి ఉన్నయ్. అవి మర్నాడు చీటీ చూపెట్టి తీసుకోవాలె. గుమాస్తాకు తెలుగు రాదు. నేను బొగ్గుబాయిల పనిచేసినప్పుడు అక్షరాలు నేర్సుకున్న. నేనే చదివిన." అతను గొంతు సవరించుకున్నాడు. "గట్టిగ చదివిన. మొండయ్య అని. గుమాస్తా బుక్కుల అదే రాసుకున్నడు. మొండయ్య ఎవలని నేనే మూడుసార్లు ఒర్లిన రేవంత ఇనబడేటట్టు."

"నేను గిక్కడుంటి," మొండయ్య చిన్నగా అన్నాడు.

"ఒకడు వచ్చిండు బాపూ. తెలుగోడే. మంచి బట్టలేసుకున్నడు. మొండయ్య మనిషినే, నన్ను తోల్కరమ్మని పంపిండు అన్నడు. ఆ బాయి మొఖం జూడాలె అప్పుడు. దేవుడు కనవడ్డట్టాయె. మామ పేరు చెప్పిండు గదా వాడు. మూట చంకల పెట్టుకొని వాని ఎనుక పోయింది. పెట్టె కోసం మర్నాడు ఎవలు రాలే."

వాకిట్లో కోడి ఒకటి గింజలు ఏరుకుంటోంది.

"నాలుగు దినాలకు వాడు పోయి అడిగిండు గదా," కిష్టవ్వ అంది. "నా కొడుకు. అడిగిన అని రాసిండు. అసుంటి మనిషి రాలేదన్నరని రాసిండు."

"ఆయన పేరు చెప్పి అడిగిండు అవ్వా. హనుమండ్లు పెండ్లాం వచ్చిందా అని. బుక్కుల హనుమండ్లు పేరు లేదు."

మొండయ్య లేచి నిలబడ్డాడు. ఎటు పోవాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. ఐదేళ్ళుగా ఆ పెట్టె మీద తన పేరు తాను చూస్తూనే ఉన్నాడు. రేవు గుమాస్తా దాన్ని రాసుకున్నాడు, ఆ దొంగ విని వాడుకున్నాడు. రాసిన తనకే అందులోని తప్పు కనబడలేదు.

"నువ్వెందుకు చెప్పలే?" నర్మద అడిగింది. "నాలుగేండ్లు ఒక్క అర్రల ఉండి?"

"ముందుగాల తెల్వది బాయీ. ఒకనాడు దాదా మాటల్ల వాళ్ళ బాపు పేరన్నడు. అప్పుడు తెలిసింది. ఆ దినం చెప్పలే. రేపు చెప్త అనుకున్న. గట్లనే నాలుగేండ్లు. మల్ల పెండ్లి చేసుకున్నడు, ఇగ ఎందుకనుకున్న. ఇప్పుడు నువ్వు గదే తొవ్వల పోతున్నవంటె నాకు నిద్ర పడతలే. నేను నోరు తెరవకపోతె ఆమె గా పెట్టెల కాడనే కూసుండేది. దాదా వచ్చేదాక కూసుండేది."

*

కిష్టవ్వ మాట్లాడింది. అంబదాస్‌తో కాదు, మొండయ్యతో కాదు. ద్వారబంధంతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"మూడుసార్లు అడిగిండ్రు. చెప్పలే."

"అత్తా," అంది నర్మద.

"గిక్కడనే నిలబడి చెప్పిన దానికి. బొట్టు పెట్టి చెప్పిన. పరాయి ఊరు పోతున్నవ్, మన ఇంటి మర్యాద నీ నోట్ల ఉన్నది, మెడ మీద కత్తి పెట్టినా మొగని పేరు నోటికి రానియ్యకు అన్న. సరే అత్తా అన్నది." ఆమె గడప చెక్కను అరచేత్తో రాసింది. "గిట్ల మాటవినే కోడలు ఎవలికన్న దొరుకుతదా?"

నర్మద ఆమె పక్కన కూర్చోబోయింది. కిష్టవ్వ చేత్తో ఆపింది.

"నిలబడు. నీ మొగని పేరు చెప్పు."

నర్మద నోరు తెరిచింది. ఆశ్చర్యంగా గాలి తప్ప ఏమీ రాలేదు. పొద్దటినుంచి సముద్రానికి జంకని పిల్ల.

"మీ కొడుకు," అంది.

"ఎవల కొడుకని అడుగుతరు. ఎవల పేరు చెప్తవ్? మల్ల గదే పేరు. మల్ల ఇంకొకడు వస్తడు."

"అత్తా, నీ ముంగట నాకు రాదు. అక్కడ చెప్త."

"ఇంట్ల రానిది రేవుల వస్తదా? దానికి రాలే."

నర్మద పెదవులు తడుపుకుంది. పైట సర్దుకుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది భయమా, సిగ్గా, తప్పు చేస్తున్నానన్న బాధా ఆమెకే తెలియలేదు. ఆయనకేమన్నా అయితే అన్న తలపు ఒకటి ఆమెను ఆపింది.

కిష్టవ్వ ఆమెను కాసేపు చూసింది. తర్వాత వాకిట్లోకి తిరిగింది.

"మొండయ్యా," అంది.

ముసలాయన చేతిలోని కుంచె జారిపోయింది. నలభై ఏళ్ళలో తన పేరు ఆ గొంతుతో ఆయన వినలేదు. ఎవరో కొత్త మనిషి పిలిచినట్టు అటూ ఇటూ చూసి, చివరికి భార్యను చూశాడు. ఆమె మొహం ఎర్రబడి ఉంది.

"ఏంది?" అన్నాడు.

"ఏం లే. మొండయ్య. నా మొగని పేరు. బతికే ఉన్నడు, పలికిండు." కోడలి వైపు తిరిగింది. "చూసినవా? ఏం కాలే. ఇగ నువ్వు చెప్పు."

"హనుమండ్లు," అంది నర్మద.

మాట గుసగుసగా వచ్చింది. "ఇనబడలే," అంది కిష్టవ్వ.

"హనుమండ్లు."

"ఓడ కూతేస్తది. గుంపు ఒర్లుతది. గట్టిగ."

"హనుమండ్లు. నా పేరు నర్మద. హనుమండ్లు కాడికి వచ్చిన. ఆయన వచ్చేదాక ఎవల ఎంబడి పోను."

అటకపక్క ఎండ దాటిపోయి చాలాసేపైంది. పెట్టె మోగలేదు. అయినా అందరూ ఒకసారి అటు చూశారు.

మొండయ్య కిరసనాయిలు గుడ్డ తెచ్చి కొత్తపెట్టె మీద తన పేరు తుడిచాడు. రంగు పూర్తిగా ఆరలేదు కనుక తొందరగానే పోయింది. ముందు చొప్పదండి పోయింది, తర్వాత మొండయ్య పోయాడు. నర్మద కాగితం ఇస్తే పదకొండోది కొట్టేశాడు.

"ఏం రాయాలె బిడ్డా దీని మీద?"

"ఏం రాయకు మామా. ఈ పెట్టె తీసుకపోను. నా బట్టలు మూట గట్టుకుంట. చేతిలది చేతిలనే ఉంటది. పేరు నా నోట్లనే ఉన్నది."

అంబదాస్ ఇంకా తల దించుకొనే ఉన్నాడు. నర్మద అతని ముందుకు రాలేక లోపలినుంచే అడిగింది.

"తర్వాత ఎప్పుడన్న చూసినవా ఆమెను?"

అంబదాస్ శంఖం తీసి అటూ ఇటూ తిప్పి మళ్ళీ పెట్టాడు.

"ఒక్కపారి. రెండేండ్లాయె. పైదీవిల అంగడి అయితది, పడవ మీద పోవాలె ఒక దినం. నేను తెలుగుల ఎవలితోనో మాట్లాడుతుంటె, గంప పెట్టుకొని కూసున్న ఒక బాయి తలెత్తి చూసింది. మల్ల తల గటు తిప్పుకున్నది. గట్లనే తిప్పుకున్నది, రేవుల తిప్పుకున్నట్టే. ఆమెనో కాదో, ఒట్టు పెట్టి చెప్పలేను."

"పిలవలేదా?" మొండయ్య అడిగాడు.

"ఏమని పిలవాలె బాపూ? పేరు తెల్వది. దాదా ఎన్నడు ఆమె పేరు తియ్యలే."

కిష్టవ్వ గుండెమీద చెయ్యి పెట్టుకుంది. ఈ ఇంట్లో కూడా ఆ పేరు ఎవరూ తియ్యలేదు. చచ్చినవాళ్ళ పేరు తీస్తే వస్తారని తియ్యలేదు. బతికున్నవాళ్ళు కూడా అంతే కదా అని ఆ పూట ఆమెకు తోచింది.

"బాలలక్ష్మి," అంది. "దాని పేరు బాలలక్ష్మి నాయనా."

*

అటక మీది పెట్టెను మొండయ్య, అంబదాస్ కలిసి దించారు. అందులో ఏముందో గాని తేలికగానే ఉంది. కిష్టవ్వ కొంగుతో దుమ్ము తుడిచింది. తెల్లరంగు పాతబడి మొండయ్య పేరు పసుపుపచ్చగా మారిపోయింది.

"ఇది తీసుకపోత," అంది నర్మద. "తాళంచెవి ఆమె కాడ ఉన్నది."

మొండయ్య ఆమె మొహంలోకి చూశాడు. "అది దొరికితె నీ గతి ఏంది బిడ్డా? ఆలోచన చేసినవా?"

"చేసిన. దొరకకపోతె గిది జీవితమంత నా మెడల ఉంటది." నర్మద తాళి పక్కనున్న వెండి బిళ్ళను పట్టుకుంది. "బతికున్న మనిషిదైతే నేనెట్ల ఏసుకుందు?"

"తీసేస్త. ఇటు రా," అంది కిష్టవ్వ.

"నువ్వు కట్టలేదు, నువ్వెందుకు తీస్తవ్. ఆమె ముంగట ఆమె చేతుల పెడ్త. అప్పటిదాక ఉండనియ్యి."

మొండయ్య పాతపేరు మీద నల్లరంగు పూసి, దానికి పైన తెల్లగా రాశాడు. బాలలక్ష్మి. ఈసారి సున్నలు లేవు, దిద్దవలసిన పని రాలేదు. ఐదు పెత్రమాసలు ఆ పేరున ఇచ్చిన బియ్యం ఎవరికి చేరాయో రాజన్న దేవునికే తెలియాలి అనుకున్నాడు. తప్పైతే తనదే కావాలని మొక్కుకున్నాడు.

రెండున్నరకు కిష్టవ్వ గడప మీది కాళ్ళు తీసింది. మడమలు తిమ్మిరెక్కి వెంటనే నిలబడలేకపోయింది. నర్మద చెయ్యి పట్టి లేపింది. బొట్టు పెడుతూ కిష్టవ్వ మర్యాద మాట ఏదీ చెప్పలేదు.

"పేరు మరువకు," అంది. "రెండు పేర్లు."

బస్సు మూడింటికి దడి ముందరి బాట మీద ఆగింది. అంబదాస్ పెట్టెను టాపు మీదికి అందించబోతుంటే కండక్టరు కిందికి వంగి చదివాడు.

"బాలలక్ష్మి. నువ్వేనమ్మా బాలలక్ష్మివి? ఎవలున్నరు ఎంబడి?"

బస్సులో సగం మంది కిటికీల్లోంచి చూస్తున్నారు. ఊరివాళ్ళే. ఎల్లక్క కూడా దడి దగ్గర నిలబడి ఉంది. నర్మద ఒక్క క్షణం అత్త వైపు చూసింది. అత్త చూపు తిప్పుకోలేదు.

"ఎవలు లేరు, ఒక్కదాన్నే," అంది నర్మద. "నేను నర్మదను. హనుమండ్లు పెండ్లాన్ని."

ఎల్లక్క చెంపలు వేసుకుంది. కండక్టరు పెట్టె మీద చెయ్యి అలాగే ఉంచి అడిగాడు.

"మరి బాలలక్ష్మి ఎవలు?"

"ఆమె కాడికే పోతున్న," అంది నర్మద, మెట్టు ఎక్కుతూ.